ఇంక, ఇంకా

సాల్మియాలో, వంటింటి గట్టు దగ్గర
ఉప్పు డబ్బా చూపించి మొదటి మాట నేర్పింది మారిసెల్.
"మై ఆసిన్." ఉప్పుంది.
మూత తీసి చూశాను. అడుగున చెమ్మ తప్ప ఏం లేదు.
"అయితే వలా ఆసిన్" అని నవ్వింది.

వలా అంటే లేదట.
మా గోదారోళ్ళకి వల అంటే ఏంటో
వంటగుడ్డ పరిచి, వేళ్ళు అడ్డంగా నిలువుగా పెట్టి చూపించాను.
"అంతా చిల్లులేనా?" అంది.
చిల్లులే మరి.
ఆ చిల్లుల్నే ఏట్లో వేసి పులస కోసం రాత్రంతా కూచుంటాం.

వాళ్ళ భాష తొందరమనిషి.
ఉందో లేదో ముందే తేల్చేస్తుంది,
ఏంటో, ఎవరిదో తర్వాత.
మనదేమో చివరిదాకా నిలబెడుతుంది:
నాకు, లంకలో, రేవుకి దిగువన, మా మేనత్త రాసిచ్చిన, అరెకరం...
వినేవాడు ఊపిరి బిగబట్టాలి
ఉందంటామో లేదంటామో అని.

మై ఒక్కతే నిలబడలేదు.
గెలేసిన అరటికి వెదురు పోటు ఉండాలి చూడండి,
అలా దాని పక్కన ఏదో ఒక వస్తువు ఉండాలి.
ఒట్టి 'ఉంది' అనాలంటే మేరోన్.
డబ్బుందా? మేరోన్.
ఆ మాట జీతం రోజున ఒక్కసారి అనుకునేవాళ్ళం.
మిగతా నెలంతా వలా అకోంగ్ పెరా.

కాదు అనడానికి హిందీ అంటుంది.
డ్రైవర్ ఇస్మాయిల్ భాయ్ పలకరిస్తే చాలు
"హిందీ, హిందీ" అని తల అడ్డంగా తిప్పేది.
ఆయన పాపం ఇంకా గట్టిగా హిందీయే మాట్లాడేవాడు.
కాదుకీ లేదుకీ వేరే వేరే మాటలున్న ఊరు
మనది కాక ఇంకోటుందని
నాకు అప్పుడే తెలిసింది.

ఎక్కడుందో చెప్పాలంటే నాసా.
నాసా కుసినా, వంటింట్లో.
నాసా బుబోంగ్, డాబా మీద.
లో, మీద, దగ్గర, అన్నీ పట్టే సంచి ఆ మాట.
మా పాస్‌పోర్టులు మాత్రం నాసా అమో.
యజమాని దగ్గర.
నాదే అది. నా దగ్గర లేదు.

ఓ రాత్రి దానికి ఫోనొచ్చింది.
"వలా నా సి నానాయ్."
నానాయ్ అంటే నాన్న కాదు, అమ్మ.
వలా ముందొచ్చేసింది కాబట్టి
ఎవరో వినకుండానే నేల మీద కూలబడింది.

చాలా రోజులకి, ఉల్లిపాయలు తరుగుతూ తనే చెప్పింది,
వలా నా అంటే ఇంక లేదు,
వలా పా అంటే ఇంకా లేదు అని.
వాళ్ళకి ఒక్క అక్షరం.
మనకి ఒక్క దీర్ఘం.

ఇవాళ గన్నవరం ఆఫీసులో సర్వేయరు పిలిచాడు.
"దొండపాటి కృపావతి! మీకు భూమి ఉందా?"
ఉందండి.
పుస్తకం ఉంది, నంబరుంది,
కువైట్ డబ్బుతో నాటించిన ముప్పై కొబ్బరి మొక్కల ఫొటో ఉంది.
"ఎక్కడుంది?"
"నాసా ఇలోగ్."
నోరు జారింది.
"ఏంటమ్మా?"
"ఏట్లో ఉందండి."

మొన్న వరదకి గట్టు కోసుకుపోయింది.
చెట్లు పడలేదు. నిలువునా దిగిపోయాయి,
స్నానానికి దిగే మనుషుల్లా.
అవతలి ఒడ్డున కొత్తగా మేట పడిందంటున్నారు.
పంటు మీంచి చూశాను, మన మట్టి రంగే.
మట్టికి పేరు రాసి ఉండదు కదా.
అడిగితే హిందీ అకిన్ అనాలి, నాది కాదని.
అనబుద్ధి కాలేదు.

సర్వేయరు ఫారం నింపుతున్నాడు.
భూమి, అని రాశాడు.
ఇంక, అని రాశాడు.
ఎవరో టీ తెచ్చారు. పెన్ను అక్కడ ఆగింది.
నేను బల్ల మీదికి వంగి చూస్తున్నాను
ఆ క కి దీర్ఘం ఇస్తాడేమోనని.